సగం ప్రశ్నకే బజర్ నొక్కే బావ

ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం మా బావకి చేతకాదు. ఆయన బైకు మెకానిక్కు. బండి తోసుకుంటూ వచ్చినవాడు "అన్నా, పొద్దుటి నుంచీ..." అనేలోపే ప్లగ్గు విప్పేసి ఉంటాడు. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది కూడా, దాంతో ఆయనకి కొమ్ములొచ్చాయి. ఆ తొందర ఇంటికీ తెచ్చాడు. అన్నం తింటూనే కాళ్లతో చెప్పులు వెతుక్కునే రకం. నేను అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ నాకు కూడా ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టే ఉంటుంది.

ఇలాంటి మనిషి చేతికి ఒక ఆట దొరికింది. టీవీలో ఏళ్ల తరబడి వచ్చిన క్విజ్ కార్యక్రమాన్నే ఫోన్లో ఆటగా మార్చారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని అందరూ ఒకేసారి ఆడొచ్చు. ప్రశ్న తెరమీద ఒక్కో మాటే వస్తుంది. ఎవరైనా బజర్ నొక్కితే అక్కడికక్కడే ఆగిపోతుంది, జవాబు వాళ్లే చెప్పాలి. "ప్రపంచంలో అతి పొడవైన..." అని రాగానే బావ నొక్కేసి నైలు అనేవాడు. అడగబోయింది గోడ గురించైతే ఆటని తిట్టేవాడు.

మా అక్క ఆయనకి పూర్తిగా భిన్నం. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చివరి మాట వచ్చేదాకా వేలు కదపదు. అందుకే ఆటలో ఆమెకి ఎప్పుడూ వంతు రాలేదు.

ఈమధ్య అక్కకి వేరే ఊళ్లో కొత్త ల్యాబుకి ఇన్‌ఛార్జిగా వెళ్లే అవకాశం వచ్చింది. ఆ సంగతి బావకి చెప్పడానికి నానా తంటాలు పడింది. మీతో ఒకటి మాట్లాడాలి అంటే, గ్యాస్ అయిపోయిందా, తెస్తాలే అని వెళ్లిపోయాడట. మా పెద్ద డాక్టరుగారు అని ఎత్తుకుంటే, ఆయన బండి సర్వీసింగే కదా, పంపించమను అన్నాడట. నాకు ఫోన్ చేసి ఏడ్చేసింది. నాకైతే ఆయన నోటికి ప్లాస్టరు వేయాలనిపించింది.

ఆ ఆటలో ఇంటివాళ్లు సొంతంగా ప్రశ్నలు రాసుకుని ఆడుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్లింటికి వెళ్తే, అక్క ప్రశ్నలు సిద్ధం చేసి పెట్టింది. ముగ్గురం ఫోన్లు పట్టుకుని హాల్లో కూర్చున్నాం. మొదటివన్నీ బావే ఎగరేసుకుపోయాడు. తర్వాత, "నాకు వేరే ఊళ్లో పెద్ద ఉద్యోగం" అన్నంతవరకూ వచ్చింది. అలవాటు కొద్దీ నొక్కేశాడు.

ప్రశ్న ఆగిపోయింది. జవాబు చెప్పమని తెరమీద సెకన్లు తరుగుతున్నాయి. టైము అయిపోయిందని ఫోను కూసింది.

"మిగతాది ఏంటి?" అని బావ అక్కని అడిగాడు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"వచ్చింది. నేను ఒప్పేసుకున్నాను. షెడ్డు వదిలేసి మీరు నాతో వస్తారా?" అంది అక్క, ఎక్కడా తడబడకుండా.

ఇంకేముంది, వస్తాననో రాననో ఠక్కున అనేస్తాడనుకున్నాను. ఆయన ఫోను పక్కన పెట్టాడు.

"ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు.

కాస్త ఆగండి ఆగండి అని ఇన్నేళ్లుగా పోరిన మా అక్క, ఆయన నిజంగానే ఆగేసరికి హడలిపోయింది. వంటింట్లోకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. నన్ను లోపలికి లాక్కెళ్లి చెవిలో అంది.

"అవునో కాదో ఏదో ఒకటి చెప్పేయమనవే."