ఖాదర్ భాయ్ ఇంటి మెట్ల కింది డబ్బా

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని నేను. నాకు జరిగిన ప్రతి నష్టం వెనకా ఎవరో ఒకరి నిర్లక్ష్యం ఉంటుందనీ, ఓపిగ్గా వెతికితే ఆ మనిషి దొరుకుతాడనీ నా నమ్మకం. చాలాసార్లు దొరికారు కూడా. ఈ ఒక్క విషయంలో మాత్రం వెతికి వెతికి అలిసిపోయాను.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో మేము యాకుత్‌పురా స్టేషన్ వెనక ఒక గల్లీలో అద్దెకు ఉండేవాళ్లం. మాది గుంటూరు వైపు. మా వారిది ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. నేను ఇంట్లోనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, సాయంత్రంలోగా నెట్‌లో తిరిగి పంపాలి. "ఇంట్లో కూర్చుని చెవుల్లో వైర్లు పెట్టుకోవడం కూడా ఉద్యోగమేనా వదినా?" అని మా ఆడపడుచు పదిమందిలో అంది. ఆ ఉద్యోగం పోతే ఆమె మాటే నిజమవుతుంది. అది నేను జరగనివ్వదలచుకోలేదు.

మా ముందు గది గల్లీ మీదికి ఉండేది. ఆటోల హారన్లలో డాక్టరు మాట వినపడదు కనుక కంప్యూటర్ వెనక గదిలో పెట్టుకున్నాను. మధ్యలో పాతకాలపు గోడ, మూరెడు మందం. వైరు పట్టేంత బెజ్జం వేయిస్తామంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. "గోడ మా తాత కట్టించిండు" అన్నాడు. దానికి నెలనెలా అద్దె కట్టేది మాత్రం మేము. చేసేది లేక వైర్‌లెస్ రూటర్ కొన్నాం.

ఆ రూటర్‌తో పడ్డ బాధలు చెప్పాలంటే చాలా ఉంది. కిటికీలో పెట్టాం, ఫ్రిజ్ మీద పెట్టాం, సజ్జ మీద పెట్టాం. మా వారు దాన్ని బీరువా మీదికి ఎక్కించి, బీరువా ఇనుపదని గుర్తొచ్చి దించారు. ఫోన్ చేస్తే నెట్ ఆఫీసులో ఒకటే మాట, "ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్." చివరికి మధ్య తలుపు పైనున్న వెంటిలేటర్‌లో పెడితే సిగ్నల్ నిండుగా వచ్చింది. ఆ ఉపాయం నాదే. మా వారు ఈరోజు వరకూ ఒప్పుకోరు.

అంతా కుదిరాక కూడా ఉన్నట్టుండి నెట్ పోయేది. పోతే పూటంతా రాదు. కంప్యూటర్‌లో సిగ్నల్ గీతలన్నీ ఉంటాయి, రూటర్ మీద లైన్ తాలూకు పచ్చ లైటు మాత్రం ఆరిపోయి ఉంటుంది. పట్టు వదలకుండా ఫోన్లు చేస్తే నెట్ మనిషి యాదగిరి వచ్చాడు.

"మీ ఇంట్ల అంత మంచిగనే ఉంది మేడమ్. లైన్ ఎనకనే బంద్ అయింది."

"వెనక అంటే ఎక్కడ?"

నాలుగిళ్ల అవతల ఖాదర్ భాయ్ ఇంటికి తీసుకెళ్లాడు. ఖాదర్ భాయ్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. వాళ్ల మెట్ల కింద గోడకు ఒక డబ్బా ఉంది. గల్లీ మొత్తానికి కేబుల్ టీవీ, నెట్ అందులోంచే. డబ్బాకు కరెంటు ఆయన ఇంట్లోంచి ఇస్తాడు, బదులుగా ఆయనకు టీవీ ఉచితం. మేము వెళ్లేసరికి డబ్బా ప్లగ్గు పీకేసి ఉంది.

"ఎవరన్న పోతే బంద్ చేస్త మేడమ్" అన్నాడు ఆయన, దాచకుండా. "మయ్యత్ లేచేదాక, శవం ఇల్లు దాటేదాక గల్లీల టీవీ మోగొద్దు. మా అబ్బా జమానల రేడియో బంద్ చేస్తుండె. ఇప్పుడు గీ డబ్బా. ముసల్మాన్లయినా, హిందువులయినా, కిరస్తానీలయినా అందరికి అదే కాయిదా."

"పోయింది వెనక గల్లీ ఆయన. నా నెట్ ఏం చేసింది? అది పాటలు పాడదు కదా?"

"ప్లగ్గు ఒక్కటే. తీస్తే రెండు పోతయ్."

"అయితే రెండోది పెట్టించండి."

"గది కంపెనోళ్లను అడుగుండ్రి. అయినా ఏంది మేడమ్, ఒక్క పూట నెట్ లేకుంటే ఎవరన్న సస్తరా?"

యాదగిరి నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

రెండో ప్లగ్గు కోసం నెట్ ఆఫీసుకు స్వయంగా వెళ్లాను. చేస్తామన్నారు, చేయలేదు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరు పోయినా నేను ఖాదర్ భాయ్ గుమ్మంలో నిలబడేదాన్ని. "రాండ్రి మేడమ్, చాయ్ తాగి కొట్లాడుండ్రి" అనేవాడు. ఒక్కసారీ తాగలేదు. ఒక్కసారీ ఆయన ప్లగ్గు పెట్టలేదు. చనిపోయినవాళ్ల మర్యాద ఆయన కాపాడుతుంటే మూల్యం నేను చెల్లించేదాన్ని. ఆ కొట్లాటలో నా తప్పేమీ లేదనే ఇప్పటికీ అంటాను.

చివరికి మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఫైలు ఆలస్యమైతే ఇక పని ఇవ్వలేమని చెప్పింది.

అది జరిగిన కొన్నాళ్లకే ఒక ఉదయం మసీదు మైకులో ఖాదర్ భాయ్ పేరు వినపడింది. నిద్రలోనే పోయాడట. నేను రూటర్ వైపు చూశాను. పచ్చ లైటు లేదు. ఆయన కాయిదా ఆయన కొడుకు మోయిన్ పాటించాడన్నమాట. గుల్బర్గా నుంచి కూతురు రావాలి, రాత్రికి గానీ తీసుకెళ్లరని పక్కింటివాళ్లు చెప్పారు.

ఆ రోజు ఫైలు పెద్దది. ఒక ముసలాయన గుండె ఆపరేషన్ వివరాలు. కంపెనీ సాఫ్ట్‌వేర్ మా కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి పంపడం కుదరదు. టైపు పూర్తి చేసి గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి వచ్చి కూర్చున్నాను. శవం ఉన్న ఇంట్లో నెట్ అడిగేంత మనిషిని కాదు నేను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆడపడుచు ముఖం ఎలా వెలుగుతుందో కూడా ఊహించుకున్నాను.

మధ్యాహ్నం దాటి అసర్ అజాన్ అయ్యింది. వెంటిలేటర్ వైపు చూస్తే పచ్చ లైటు వెలుగుతోంది.

ఆలోచించకుండా ఫైలు పంపాను. ఎప్పుడూ ఆగి ఆగి వెళ్లేది, ఆరోజు ఎక్కడా ఆగలేదు. కాసేపటికి సూపర్‌వైజర్ దగ్గర్నుంచి అందిందని జవాబు వచ్చింది. అది చదువుతుండగానే లైటు ఆరిపోయింది.

నిజం చెప్పాలంటే ముందు నాకు కోపమే వచ్చింది. తండ్రి ఇంకా ఇంట్లోనే ఉండగా మోయిన్ టీవీ కోసం డబ్బా ఆన్ చేశాడా? ఇన్నాళ్లూ నాకు చెప్పిన కాయిదా ఏమైంది? ఎలాగూ చూడ్డానికి వెళ్లాలి కాబట్టి చీర మార్చుకుని, మా వారితో కలిసి వెళ్లాను.

ఖాదర్ భాయ్‌ని మెట్ల పక్కనే పడుకోబెట్టారు. చుట్టూ ఐసు దిమ్మెలు, తల దగ్గర టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను ప్లగ్గు డబ్బా సాకెట్‌లో ఉంది. అక్కడ ఉన్నది అదొక్కటే సాకెట్. డబ్బా వైరు చుట్టచుట్టి మేకుకు వేలాడుతోంది. ఎవరూ చూడకుండా డబ్బా మీద చెయ్యి పెట్టాను. కాసేపు నడిచినా వేడెక్కే డబ్బా అది. చల్లగా ఉంది.

చెయ్యి తీసేలోపే మోయిన్ చూశాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"మేడమ్, రేపు పొద్దుగాల పెడ్త. ఇయ్యాల ఒక్క దినం మాఫ్ చేయుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. లోపల ఎవరో ఆడమనిషి "హాయ్ అల్లా, గిప్పుడు గూడనా?" అంది. మా వారు తల దించుకున్నారు. నేను డబ్బా మీంచి చెయ్యి తీశాను.

తర్వాత యాదగిరిని పిలిపించి అడిగాను.

"ఆ దినం మీ గల్లీ మొత్తం బంద్ ఉండె మేడమ్. లైన్ లేంది మీ ఒక్కరికి ఎట్లొస్తది?"

"ఇంకెవరి వైర్‌లెస్ అయినా తగిలిందేమో?"

"మీ గల్లీల వైర్‌లెస్ ఎవరికుంది, మీకు దప్ప? గా పచ్చ లైటు వైర్ల లైన్ ఉంటెనే ఎలుగుతది."

"వెలిగింది. ఫైలు వెళ్లింది. వాళ్లకు అందింది."

ఈసారి నవ్వలేదు. రూటర్ చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "నాకు తెల్వదు మేడమ్" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఫ్యాను తెల్లారినప్పటి నుంచి రాత్రి జనాజా లేచేదాకా ఆపలేదని వాళ్ల పక్కింటావిడ చెప్పింది.

ఆ ఉద్యోగం ఆ తర్వాత చాలా ఏళ్లు చేశాను. ఆ ఫైలు ఎలా వెళ్లిందో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఖాదర్ భాయ్ పేరు దానికి తగిలించడానికి నా బుద్ధి ఒప్పుకోదు. ఇంకో పేరు దొరకదు.

ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ గల్లీలో నేను శవం ముందు నెట్ అడిగిన ఆంధ్రా మేడమ్‌నే. అడగడానికి కాదు, నెట్ వచ్చింది కాబట్టే వెళ్లానని మోయిన్‌తో చెబుదామని ఎన్నోసార్లు బయల్దేరాను. ఎట్లొచ్చింది మేడమ్ అని అతను అడుగుతాడు. ప్రతిసారీ సగం దారిలోంచి తిరిగి వచ్చేశాను.