ఎర్త్ బోల్టు కింద పసుపు రంగు

మా పాత బుల్‌డోజర్ ఈ రోజు పొద్దున కూడా స్టార్ట్ కాలేదు. ఆయుధపూజ అయిన వారానికి నాయన పోయాడు. అప్పటి నుంచి ఇదే వరస. కొత్త బ్యాటరీ వేయించాను, డైనమో విప్పించి చూపించాను. అయినా సెల్ఫ్ కొడితే మూలిగి ఆగిపోయేది. నాయుడుపేట దగ్గర నేల చదును చేసే పని ఆగిపోయింది.

కాసేపటికి ఎలక్ట్రీషియన్ మస్తాన్ వచ్చాడు. నన్ను సెల్ఫ్ కొట్టమని, బ్యాటరీ నుంచి బండి ఇనుముకు వెళ్లే ఎర్త్ వైరును చేత్తో తడిమాడు. బోల్టు దగ్గర చెయ్యి కాలింది. విప్పితే కింద మందంగా పసుపు రంగు. రంగు అడ్డముంటే కరెంటు సరిగా పారదు.

"బోల్టు ఇప్పి మరీ ఈడ రంగేసింది ఎవురప్పా?"

"నాయన. పూజకు ఏసినాడు. ఒక్క సోటు కూడా వదల్లేదు."

మస్తాన్ రంగు గీకే ఎమరీ పేపరు నా చేతికిచ్చాడు. "అట్లయితే నువ్వే గీకు."

గీకాను. ఇనుము బయటపడింది. బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది, ఛార్జింగూ ఎక్కింది. మస్తాన్ నా మొహంలోకి చూశాడు. నాకేమీ అనిపించలేదు. టీ తాగుతావా అని అడిగాను.

వచ్చే ఆయుధపూజకు రంగు నేనే వేయాలి. బోల్టు కింద మాత్రం వేయొద్దని ఇది చదివిన మీలో ఎవరైనా గుర్తు చేయండి.