అందరిదీ భీమవరమే

ఇప్పటికీ ఎవరైనా పాదం గిల్లుకుంటుంటే నా గుండె గుభేలుమంటుంది.

తొంభైల్లో నా ఉద్యోగం నెత్తురు లెక్కలు. జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్‌కి వచ్చే చక్కెర జబ్బువాళ్ల నెత్తురు, సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్‌లో జబ్బు లేనివాళ్ల నెత్తురు తెప్పించి, ఏ జన్యువు రోగుల్లో ఎక్కువుందో చూడాలి. ఒకటి దొరికింది. మా డాక్టరుగారి నోట్లో నువ్వుగింజ నానదు. జబ్బు లేని ఒక గ్రూప్ డాన్సరుతో, "నీలోనూ ఉందమ్మా, జాగ్రత్త" అనేశాడు. ఆ పిల్ల తండ్రికి చక్కెర జబ్బుతోనే కాలు తీసేశారు. ఆ రోజు నుంచి స్పర్శ ఉందో పోయిందోనని పాదాలు గిల్లి చూసుకోవడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం అనుమానం. రోగుల్లో ఎక్కువమంది కోస్తావాళ్లు. ఆ జన్యువు కోస్తాలో మామూలుగానే ఎక్కువైతే, జబ్బుతో సంబంధం లేకపోయినా రోగుల్లో ఎక్కువే కనిపిస్తుంది. అందుకే కోస్తావాళ్లని కోస్తావాళ్లతోనే పోల్చాను. కృష్ణానగర్‌లో వాళ్లకేం కొదవ? అడిగినవాళ్లందరిదీ భీమవరమో తెనాలో. అయినా తేడా పోలేదు. "చూశారా!" అన్నాడు డాక్టరు. నాకు ఒళ్లు మండింది.

మరోసారి నెత్తురు కావాల్సి వచ్చి ఆ అమ్మాయి గదికి వెళ్లాను. "రండి, కూర్చోండి" అంటూనే బొటనవేలు గిల్లుకుంటోంది. మంచం మీద ఆమె తండ్రి. "భీమవరం నుంచి ఎప్పుడొచ్చారండీ?" అని అడిగాను.

"భీమవరమా? గదేడుంది బిడ్డా? మేం సిద్దిపేట దిక్కోళ్లం."

ఆమె తల దించుకుంది. "మీరు ఊరడిగితే సినిమా కంపెనీ నుంచి వచ్చిన్రనుకున్నం మేడమ్. ఈడోళ్లమంటే డైలాగ్ ఇయ్యరు. గల్లీల సగం మంది గట్లనే చెప్పిన్రు."

ఓరి దేవుడా! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "తల్లీ, నేను వేషాలిచ్చేదాన్ని కాదు, మీ తాతలది ఏ ఊరో నిజం చెప్పండి" అని గడపగడపా తిరిగాను. ఈసారి నిజమైన కోస్తావాళ్లతోనే మళ్లీ లెక్క కట్టాను. తేడా మాయమైంది. ఆ జన్యువు చూపించింది తాతల ఊరిని, జబ్బును కాదు.

ఉన్నపళంగా వెళ్లి ఆమెకి చెప్పాను. రెండు చేతులూ పట్టేసుకుంది.

"గట్లయితే నాకు రాదు గదా?"

ఆ జన్యువు కారణం కాదని మాత్రమే తెలుసు. తండ్రికున్న జబ్బు ఆమెకి రాదని ఎలా చెప్పను? మా లెక్కలు గుంపుకి పనికొస్తాయి, ఒక్క మనిషికి కాదు.

"చెప్పలేనమ్మా" అన్నాను.

చేతులు వదిలేసింది. "చెప్పలేనోళ్లు నా నెత్తురెందుకు తీస్కున్నరు మేడమ్?"