బడిలో వంట బందు పెట్టిన పది రోజులు

మా చిన్నప్పుడు... బడిలో మధ్యాహ్నం గంట కొట్టకముందే పప్పుచారు వాసన మా ఐదో తరగతి గదిలోకి వచ్చేది. ఇంక పాఠం మీద ఎవరికి మనసుంటది... ఆ పప్పుచారు కాచేది మా అమ్మే.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దిక్కు పోతుంటే గోదారి పక్కన చిన్న ఊరు మాది. బడుల్లో వండి పెట్టుడు కొత్తగ మొదలైన రోజులు. అమ్మ, ఇంకో ఇద్దరు ఆడోళ్ళు కలిసి పిల్లలందరికీ వండేటోళ్ళు. బియ్యం సర్కారువి. పప్పు, నూనె, కూరగాయలు, కట్టెలు వీళ్ళే తెచ్చుకోవాలి. బిల్లు, జీతం తర్వాత వస్తయన్నరు...

ఆరు నెలలైనా రాలే. అమ్మ కాళ్ళ కడియాలు కుదువకు పోయినయ్. కిరాణం షాపాయన "ఇగ ఉద్దెర ఇయ్యనమ్మా" అని చేతులెత్తేసిండు.

ఒక సోమవారం అమ్మ బడిలో పొయ్యి ముట్టియ్యలే. చుట్టుపక్కల ఊర్ల వంట చేసేటోళ్ళంత యూనియన్ల చేరి, మండల ఆఫీసు ముందు టార్పాలిన్ కట్టుకొని కూసున్నరు. జెండా పట్టుకొని అమ్మ ముందు వరసల ఉండేది. నాకెంత గొప్పగ అనిపించిందో... రెండు రోజులు.

మూడో రోజుకు ఆకలి మొదలైంది. ఇంట్ల పొద్దుగాల గంజి, అంతే. మాలో చానమందికి ఆ బడి అన్నమే అసలు తిండి. అడివి గూడేల నుంచి నడిచొచ్చే పిల్లలు బోరింగు నీళ్ళు తాగి గోడకు ఆనుకొని కూసునేటోళ్ళు. ఒకటో తరగతి పిల్ల ఒకతి నా లంగా పట్టుకొని, "అక్కా, మీ అమ్మ ఎప్పుడొండుతది?" అని అడిగింది. నేను మొఖం తిప్పుకున్న...

ఎనిమిదో రోజు పెద్దసారు వంటకు వేరే మనిషిని మాట్లాడిండు. ఎవరినో కాదు... మా పిన్నిని. అమ్మ సొంత చెల్లెల్ని.

బాబాయి తాటిచెట్టు మీంచి పడి, నడుము పోయి మంచంల ఉన్నడు. ఇద్దరు పసిపిల్లలు. ఆ పొద్దున పిన్ని మా వాకిట్లకొచ్చి నిలబడ్డది.

"అక్కా... నేను ఒప్పుకున్న."

అమ్మ చేతిల చాట కింద పెట్టింది. "నా నోటికాడి కూడు గుంజుకుంటవానే?"

"పిల్లలు తిన్నంక మిగిలిందన్న నా పోరగాళ్ళకు తెచ్చుకుంట. గదొక్కటే చూసిన."

"నువ్వు వండితే మమ్మల్ని పిలిచి మాట్లాడేదెవరే?"

పిన్ని ఏడ్చుకుంట బడి దిక్కు పోయింది. అమ్మ నా దిక్కు తిరిగి, "ఆ అన్నం ముట్టకు" అన్నది.

ముట్టుకున్న...

పంక్తిల కూసోకుండ దూరంగ నిలబడితే, పిన్నే పళ్ళెం తెచ్చి చేతిల పెట్టింది. వేడి అన్నం... ఇగ ఆగలేకపోయిన.

అప్పుడే అమ్మవాళ్ళు పదిహేను మంది గేటు తోసుకొని లోపలికొచ్చిండ్రు. పొయ్యిల నీళ్ళు పోసి వంట ఆపుదామని. ఒకామె బిందె ఎత్తింది. అమ్మ చూపు నా మీద పడ్డది. నా నోటినిండ అన్నం. మింగలేను... ఉమ్మలేను.

అమ్మ ఉరికొచ్చి ఆ బిందె పట్టుకుంది. "ఆగండే... పిల్లల్ని తిననీండి."

"నీ బిడ్డ తింటున్నదని మా అందరి నోట్ల మన్ను కొడ్తవా?" అన్నది బిందె ఎత్తినామె.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గేటు బయటికి పోయింది.

ఆ రోజుతో పట్టు సడలింది. పదో రోజు ఆఫీసరు పిలిచిండు. రెండు నెలలది ఇస్తం, మిగతాది తర్వాత చూద్దం అన్నడు. వేరే ఊర్ల వంటోళ్ళను మళ్ళ పనిలకు తీసుకున్నరు. మా బడికి మాత్రం "మనిషి దొరికింది కదా" అన్నడు. అమ్మ పని, మిగతా ఇద్దరి పని పోయింది. "అందరి కోసం ఒప్పుకోక తప్పదమ్మా" అన్నడు యూనియన్ పెద్దమనిషి. అమ్మ ఒప్పుకున్నట్టు కాయితం మీద వేలిముద్ర వేసొచ్చింది.

మిగతా నాలుగు నెలలది రానే రాలే. కడియాలు కుదువలనే మునిగిపోయినయ్. అమ్మ మిరపకాయ కోతలకు పోవుడు మొదలుపెట్టింది. పొద్దుగూకినంక మంటెక్కిన చేతులు సల్లటి నీళ్ళల్ల పెట్టుకొని కూసునేది. ఆ బువ్వ గురించి నన్ను ఒక్క మాట అనలే... కొట్టినా బాగుండు అనిపించేది.

పిన్నికి కూడ బిల్లులు రాలే. ఏడాది వండి, అప్పులపాలై మానేసింది. అక్కచెల్లెళ్ళు ఇప్పటికీ ఏ పెళ్ళిల ఎదురుపడ్డా "తిన్నవా?" "తిన్న"... అంతే మాట.

ఇప్పుడు మా బడికి వంటషెడ్డు కట్టిండ్రు, గ్యాసు పొయ్యొచ్చింది. ఊరికి పోయినప్పుడల్ల అక్కడ వండే అక్కలను ఒకటే అడుగుత... "బిల్లొచ్చిందా?" అని. వాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్వుతరు.

మీ బడిలో మీకు అన్నం పెట్టినామె పేరు ఎవరికన్న యాదికుందా? ఉంటే కింద రాయండి... పేరన్న మిగలనీ.