గోడెక్కిన నా నోట్స్

మొన్న ఆదివారం చర్చిలో నేను చేసిన ఘనకార్యానికి ఇంట్లోంచి గెంటేస్తారనే అనుకున్నాను. ఇంకా ఇక్కడే కూర్చుని మీకు టీ పోస్తున్నానంటే గండం గడిచినట్టే. వినండి.

శ్రీకాకుళంలో మా చర్చిలో పాటల మాటలు ప్రొజెక్టరుతో గోడ మీద వేసే డ్యూటీ, మైకు సౌండు చూసే డ్యూటీ నావే. కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్ని కదా, అందుకని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, లాప్‌టాప్ నాకప్పగించారు. మొదటి పాట ఎత్తుకునేది మా మేనమామ ఆనందరావు మావయ్య. ముప్పై ఏళ్లుగా ఆయనే. గొంతు బాగానే ఉంటుంది. కాకపోతే కళ్లు మూసుకుని పాడతాడు, రెండో చరణం రావాల్సిన చోట మళ్లీ మొదటి చరణమే అందుకుంటాడు. జనం గోడ మీది రెండో చరణం పాడతారు, ఆయన మొదటిది. ఏ వారమూ కలవదు. పోనీ చెబుదామా అంటే అలుగుతాడు. ఒకసారి దేనికో అలిగి ఆరు నెలలు మా గడప తొక్కలేదు. అమ్మ ఏడవని రోజు లేదు.

అందుకని పాటలు వేసే సాఫ్ట్‌వేర్‌లో, లాప్‌టాప్ మీద నాకు మాత్రమే కనిపించే నోట్స్ ప్యానెల్లో నాకోసం రాసి పెట్టుకున్నాను: 'మావయ్య రెండో చరణం పాడడు. మొదటిదే మళ్లీ పాడతాడు. మైకు తగ్గించు.'

ఆ ప్యానెల్‌తోనే నా గొడవంతా. దాని పై పట్టీ పట్టుకుని స్క్రీన్ కుడి అంచుకి లాగితే అక్కడ నీలం నీడ పడుతుంది, వదిలితే అతుక్కుంటుంది. అదీ రూలు. ఆ రూలు పాటించడం మాత్రం దాని మూడ్‌ని బట్టి. ఒకరోజు అతుక్కుంటుంది. ఒకరోజు పాటల లిస్టులో దూరిపోతుంది. ఇంకోరోజు ఎక్కడా కుదురుకోకుండా మధ్యలో తేలుతుంది. అదే చెయ్యి, అదే మౌసు.

ఆ ఆదివారం మావయ్య పాట ఎత్తుకున్నాడు. ప్యానెల్ లిస్టుకి అడ్డంగా ఉందని కుడికి లాగాను. నీలం నీడ పడలేదు. ఇంకాస్త లాగాను. ప్యానెల్ మాయం. ఏమైందా అని తలెత్తితే గోడ మీద, పాట పక్కన ఉంది. లాప్‌టాప్ కుడి అంచు దాటితే అటు ప్రొజెక్టరే కదా, ఆ సంగతి లెక్చరర్ గారికి అప్పుడు గుర్తు రాలేదు.

వెనక్కి లాగబోతే కంగారులో పైకి పోయింది. పై అంచు తగిలిందో లేదో ఆ ప్యానెల్ గోడంతా పరుచుకుంది. పాట పోయింది, నా మూడు ముక్కలే మిగిలాయి. కళ్లజోడు మర్చిపోయి వచ్చిన ముసలమ్మలు కూడా చదవగలిగేంత పెద్దగా. ఆడవాళ్ల బెంచీల్లో కిసుక్కుమన్నారు.

"ఒలే, బేగి తీసియ్యే," అని అమ్మ పళ్లు కొరికింది.

సరిగ్గా అప్పుడే మావయ్య మళ్లీ మొదటి చరణం అందుకున్నాడు. ఈసారి జనం తడబడలేదు. గోడ మీద రాసే ఉంది కదా, అందరూ ఆయనతో పాటే మొదటి చరణంలోకి వెళ్లిపోయారు. చర్చంతా ఒకే గొంతు. మైకు తగ్గించడం నేను మర్చేపోయాను. మావయ్య ఆశ్చర్యంగా కళ్లు తెరిచి జనాన్ని చూశాడు, వెనక్కి తిరిగి గోడనీ చూశాడు. ప్రొజెక్టరు కేబుల్ పీకేశాను గాని, అప్పటికే చదివేశాడు.

ఆరాధన అయ్యాక నేరుగా నా దగ్గరికే వచ్చాడు. అమ్మ బైబిల్ గుండెకి అదుముకుని నా పక్కన నిలబడింది.

"ఏటే గుంటా, అది నువ్వేనా రాసినావు?"

"తప్పయిపోనాది మావయ్యా."

"ముప్పయ్యేళ్ల నుంచి పాడతన్నాను. సంఘమంతా నాతో కలిసింది ఈయేలే," అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "మళ్లీ వారం కూడా అలాగే పెట్టు."

అమ్మ ఊపిరి వదిలింది. నాకైతే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ సంతోషంలో, "ఇప్పుడే చూపిస్తాను ఉండు మావయ్యా," అని కేబుల్ తగిలించి, గోడ మీదికి పంపుదామని ప్యానెల్ని కుడికి లాగాను. నీలం నీడ పడింది. బుద్ధిగా అంచుకి అతుక్కుంది. మళ్లీ లాగాను. మళ్లీ అతుక్కుంది. మావయ్య చేతులు కట్టుకుని ఆరుసార్లు చూశాడు.

"అయితే ఇదీ దేవుడి పనే అన్నమాట," అన్నాడు. "నీకేటీ రాదు."