బావ తినని జాంగ్రీలు

ఈ ఏడాది మంచు ఇంకా కరగకముందే నోవైలో జరిగిన బావ సంవత్సరీకంలో మిత్రుడొకాయన, ఏడుస్తున్నవాళ్లని కాస్త నవ్విద్దామని కాబోలు, ఐసెలిన్ ప్రయాణంలో బావ దొంగచాటుగా జాంగ్రీలు తిని ఆస్పత్రి పాలైన కథ మళ్లీ ఎత్తుకున్నాడు. అందరూ నవ్వారు, అక్క కూడా. పద్దెనిమిదేళ్లుగా ఆ కథకి నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం చేతకాక పార్కింగ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. బావ జాంగ్రీలు తినలేదు.

అప్పట్లో నేను కార్ల విడిభాగాల కంపెనీలో కొత్తగా చేరి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. బావ ఇన్సులిన్ సీసాల కోసం, కారులో సాకెట్‌కి తగిలించుకునే చిన్న కూలర్ పెట్టె ఉండేది. మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, దానికి ఐసు అక్కర్లేదు. బిస్కెట్టంత పింగాణీ పలకకి రెండు తీగలుంటాయి, కరెంటు ఒకవైపు నుంచి పోతే పెట్టె చల్లబడుతుంది, తీగలు తారుమారైతే అదే పెట్టె వేడెక్కుతుంది. చీరలు కొనడానికి, మనవాళ్ల కొట్లన్నీ ఉండే ఐసెలిన్‌కి బయలుదేరబోయే ముందురోజు పలక దగ్గర తీగ ఊడిపోయింది. కొత్తది కొందామన్నాడు బావ.

"ఇంట్లో ఇంజనీర్ని పెట్టుకుని కొత్తదెందుకండీ?" అంది అక్క.

నాకూ కావలసింది ఆ మాటే. రెండో తీగ కూడా బలహీనంగా ఉందని రెండూ పీకేసి, చేతికందిన స్పీకర్ వైరు, రెండు తీగలూ నల్లవే, సోల్డర్‌తో అతికించాను. ఏది ఎటో గుర్తు పెట్టుకోలేదు. ప్లగ్ పెట్టగానే ఫ్యాన్ తిరిగింది. ఫ్యాన్ తీగలు వేరు, వాటిని నేను ముట్టుకోనే లేదు. అయినా ఆ చప్పుడు వినగానే పనైపోయిందనుకుని, లోపల చెయ్యి పెట్టి చూడకుండానే మూత వేసేశాను. "శభాష్ బావమరిదీ, ఇక నీకు పెళ్లి చేసెయ్యొచ్చు!" అన్నాడు బావ.

మర్నాడు రోజంతా డ్రైవ్ చేసి, సాయంత్రం మోటెల్లో సామాను దించుతూ పెట్టె తెరిచింది నేనే. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. అప్పుడే చెప్పివుంటే ఏ ఫార్మసీకో వెళ్లి వేరే మందు తెచ్చుకునేవాళ్లం. చెప్పకపోవడానికి నిన్న మెచ్చుకున్నవాళ్లు ఇవాళ ఎగతాళి చేస్తారన్న బెరుకే, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. సీసాలు గదిలోని ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడితే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. చల్లబడ్డాయి గాని, మందులో సత్తువ పోయింది.

ఆ మందే రాత్రీ, పొద్దునా వేసుకున్న బావ మధ్యాహ్నానికి చీరల కొట్టులో కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆస్పత్రిలో నర్సు ఏం తిన్నారని అడిగితే, పక్కనున్న మిఠాయి కొట్లో దొంగచాటుగా జాంగ్రీలు తినుంటాడని అక్కే చెప్పింది.

"ఒట్టు, ముట్టుకోలేదే!" అన్నాడు బావ, తెలివొచ్చాక.

"మీ ఒట్లు నాకు తెలీవా?"

నేను మంచం పక్కనే ఉన్నాను.

ఆస్పత్రివాళ్ల మందుతో మూడోరోజుకి లేచాడు. ఆ తర్వాత అక్క ఆయన కోటు జేబులు వెతికేది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో పిల్లలు "అంకుల్, నో స్వీట్స్!" అని అరిస్తే రెండు చేతులూ ఎత్తి నవ్వేవాడు. మొదట్లో కాదనేవాడు, తర్వాత ఊరుకున్నాడు, చివరికి "తిన్నాను, మూడు తిన్నాను" అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. అది విని అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. నిరుడు గుండెపోటుతో పోయాడు.

సంవత్సరీకం మర్నాడు అక్కకి అంతా చెప్పాను. శుభ్రంగా ఉన్న టేబుల్నే చాలాసేపు తుడుస్తూ ఉండిపోయింది.

"నాతో చెప్పేశావు. నేనెవరితో చెప్పుకోనురా?" అంది.

ఇదివరకు ఇళ్లలో ఏదైనా పాడైతే మనవాళ్లలో చేతనైనవాణ్ణి పిలిచి, బాగుచేయించుకుని, భోజనం పెట్టి పంపేవాళ్లం. ఇప్పుడు ఎవరికీ ఆ ఓపిక లేదు, ఫోన్లో నొక్కితే మర్నాటికి కొత్తది గుమ్మంలో ఉంటుంది. అక్క మాత్రం మొన్నమొన్నటి దాకా దేనికైనా నాకే ఫోన్ చేసేది. పోయినవారం వెళితే వంటింట్లో కొత్త మిక్సీ కనిపించింది. పాతదేమైందని నేనడగలేదు.