మేస్త్రిగారి తొమ్మిది వేళ్లు

మధ్యాహ్నం ఒంటిగంట. మబ్బేసింది గానీ చినుకు లేదు, ఒళ్లు ఉడికిపోతోంది. రాజోలు దగ్గర ఒక కొబ్బరితోటలో పొద్దుటినుంచీ కాయలు వలుస్తున్న పేతురుకి పేగులు అరుస్తున్నాయి. క్యారేజీ విప్పితే చద్దన్నం, రెండు పచ్చిమిరపకాయలు. పక్కన చిన్నతల్లి తన క్యారేజీ మూత తీసింది. రొయ్యల ఇగురు! పేతురు కళ్లు వెళ్లి అందులో పడ్డాయి.

"ఒరే పేతురూ! నీ చిటికెనవేలు ఓసారి ఇలా ఇయ్యి!"

పేతురు తలెత్తేసరికి ముఠామేస్త్రి జ్ఞానప్రకాశం గారు ఎదురుగా రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నారు. ఆయనకి ఉన్నవి తొమ్మిది వేళ్లే. ఒకటి కుర్రతనంలోనే కత్తికి పోయింది. పేతురు వేలు పట్టుకుని తన చేతి పక్కన నిలబెట్టి, "పది! పక్కోళ్లది ఆశించకూడదు" అన్నారు.

"మరి మీరు నా వేలు తీసుకున్నారు కదండీ?"

"అడిగి తీసుకున్నానురా. నువ్వూ అడుగు."

పేతురు అడిగాడు. చిన్నతల్లి నవ్వుకుంటూ నాలుగు రొయ్యలు వేసింది.

అదీ జ్ఞానప్రకాశం గారి జబ్బు. వారమంతా కొబ్బరి ముఠాకి మేస్త్రి. ఆదివారం పాస్టరు అయ్యగారు రాని పూట లూథరన్ గుడిలో వాక్యం చదివే పెద్ద. ఈ రెండు పనుల మధ్య ఆయనకి గోడ లేదు. దేవుడిచ్చిన పది ఆజ్ఞలు గుడిలో బల్ల మీద పెట్టి రావడానికి కాదనీ, కాయలు వలిచేచోట వాడడానికేననీ ఆయన నమ్మకం. కాకపోతే మొత్తం చెప్పేంత తీరిక ఉండదు. అందుకని నంబర్లు.

ఎవడైనా రెండో గ్లాసు టీ మొదటిదేనని బుకాయించి తాగితే "ఏడు!" దొంగతనమన్నమాట. కాయలు లెక్కపెట్టే కుర్రాడు సన్నీ ఫోనులో వాళ్లమ్మ మీద విసుక్కుంటే "నాలుగు!" అంతే, వాడు వెంటనే గొంతు తగ్గించి "తిన్నావా అమ్మా?" అనేవాడు. ఆదివారం పనికి పిలిచిన రైతుకి విశ్రాంతి దినమని మూడు వేళ్లు చూపిస్తే, ఆయన మూడొందలు ఎక్కువ అడుగుతున్నాడనుకుని బేరానికి దిగాడు.

అన్నిటికంటే అవస్థ కాయలు లెక్కపెట్టేటప్పుడు. సన్నీ "అరవై ఎనిమిది, అరవై తొమ్మిది" అంటూ ఉంటాడు. అవతల చెయ్యి చేసుకోబోతున్న ఎవరినో మేస్త్రిగారు "అయిదు!" అని గద్దిస్తారు. సన్నీ "ఆరు, ఏడు" అంటూ పోతాడు. మళ్లీ మొదటినుంచీ లెక్క.

ఒకసారి చిన్నతల్లి ఎదురింటి కోడలి సంగతి మొదలుపెట్టింది.

"ఎనిమిది!"

"అబద్ధం కాదండి మేస్త్రిగారూ, నా కళ్లతో నేను చూసేనండి!"

"అబద్ధం చెప్పకపోతే సరిపోద్దా అమ్మా? పక్కోళ్ల మీద చెడు మొయ్యకూడదు. వాళ్లలో మంచి వెతికి చెప్పాలి. ఏదీ, ఆ పిల్ల గురించి ఒక మంచి చెప్పు."

చిన్నతల్లి నాలుగు కాయలు వలిచేదాకా ఆలోచించింది. "ముగ్గు బాగా పెడతాదండి" అంది చివరికి.

ఇక ఆయన్ని పొగడడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు. "మీలాంటోరు లేరండీ" అనేలోపే చూపుడువేలు లేచేది. "ఒకటి! దేవుడు ఒక్కడేరా. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టకు, పడిపోతాను."

పేతురు చదివింది అయిదో తరగతి. ఆజ్ఞలన్నీ ఆయన వేళ్ల మీదే నేర్చుకున్నాడు. నేర్చుకుని కూడా ఏడు దగ్గర జారాడు.

కూతురు అక్షయకి నర్సింగులో సీటు వచ్చింది. తెల్లబూట్లు లేకపోతే క్లాసులోకి రానివ్వం అన్నారు. పేతురు ఎవరినీ అడగలేకపోయాడు. ఒక సాయంత్రం తోట వెనకవైపు నుంచి ముప్పై కాయలు గోనెలో వేసుకుని వెళ్లి అమ్మేశాడు.

మూడోరోజున తోట యజమాని సత్యనారాయణమూర్తి గారు వచ్చి రాశి ముందు నిలబడ్డారు.

"మేస్త్రీ, ముప్పై కాయలు తగ్గేయి. సన్నీ లెక్క తప్పనుకున్నాను, కాదు. మీలో ఎవడో తీసేడు. వాడి పేరు చెప్పు. చెప్పకపోతే రేపట్నుంచి మీరెవరూ నా తోటలో అడుగుపెట్టొద్దు."

పదకొండుమంది చేతులు ఆగిపోయాయి. మేస్త్రిగారు ఒకసారి అందరి మొహాలూ చూశారు. పేతురు మొహం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు. ముప్పై ఏళ్లలో ఎవరి తప్పూ వదలని మనిషి! చేతులు పైకెత్తారు. ఒక చెయ్యి తెరుచుకుంది, అయిదు. రెండో చేతిలో ఒక వేలు, ఆరు. ఇంకొకటి, ఏడు. పేతురు కళ్లు మూసుకున్నాడు. 'అయిపోయింది' అనుకున్నాడు. ఎంతకీ మాట వినపడకపోతే మళ్లీ తెరిచాడు.

ఎనిమిదో వేలు లేచి ఉంది.

"ఎనిమిదండి, ఆయ్" అన్నారు మేస్త్రిగారు. "నా వాళ్ల మీద నా నోటితో చెడు చెప్పలేనండి. ముఠాకి పెద్దని నేను. తగ్గింది నా లెక్కేనండి. దానికి సరిపడా నేను వలుస్తాను, కూలి వద్దు. వీళ్లని మాత్రం పన్లోంచి తియ్యకండి."

యజమాని "సరే, నీ ఇష్టం" అని ఇంటికి భోజనానికి వెళ్లిపోయారు.

డెబ్భై ఏళ్ల మనిషి నేలలో పాతిన గునపం ముందు నిలబడ్డారు. ఆయన కాయ వలిచి ఆరేళ్లయింది. మోకాళ్లు వణుకుతున్నాయి. తొమ్మిది వేళ్లతో కాయని గుచ్చి తిప్పుతున్నారు. పీచు డొక్క ఊడి రావడం లేదు. పేతురు అయిదు కాయలదాకా చూశాడు. ఆరో కాయకి లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇలా ఇచ్చెయ్యండి మేస్త్రిగారూ. తీసింది నేనేనండి."

"తెలుసురా."

"ఎలా తెలుసండీ?"

"మీ అక్షయ తెల్లబూట్లతో గుడికొచ్చి వందనాలు తాతగారూ అంది. ఆ పిల్ల నడక చూసి నాకూ సంతోషమేసింది."

"మరి ఏడని ఎందుకు చెప్పలేదండీ?"

"ఏడు నీకు తెలుసు కదరా, మూడ్రోజుల్నుంచి నిద్రపోకుండా వల్లెవేస్తున్నావు. ఎనిమిదే ఆ యజమానిగారికి తెలీదు."

పేతురు ఆయన చేతిలోని కాయ తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లు తప్పులు చూపించడానికి లేస్తున్నాయనుకున్నాడు. అవి జారిపోయే మనిషిని ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కుంటున్నాయని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే వెళ్లి యజమానితో తనే చెప్పేశాడు. ఆయన "రేపు త్వరగా రా" అన్నారు. మిగిలిన కాయలు పేతురే వలిచాడు. మేస్త్రిగారు పక్కన కూర్చుని లెక్కపెట్టారు. ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ తర్వాత ఆయన మోకాళ్లు మరీ మొరాయించాయి. కొత్తపేటలో టీచరుగా చేస్తున్న కూతురు ప్రసన్నకుమారి తన దగ్గరికి వచ్చెయ్యమంది. గుడి సంఘమంతా కలిసి ఆదివారం గజమాల, శాలువా, మైకు సిద్ధం చేశారు. పొగడడానికి పద్నాలుగుమంది పేర్లిచ్చారు. అందులో పేతురు పేరు మొదటిది.

శనివారం తెల్లారగట్ల పేతురు పనికి వెళ్తుంటే మొదటి బస్సు కదులుతోంది. కిటికీ పక్కన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని జ్ఞానప్రకాశం గారు! మైకుకి దొరక్కుండా పారిపోతున్నారు. పేతురు రోడ్డు మీదే నిలబడి, గుడిలో నిలబడినట్టు రెండు చేతులూ జోడించి తల వంచేశాడు.

బస్సు కిటికీలోంచి చూపుడువేలు ఒక్కటి బయటికి వచ్చింది.

పేతురు గబుక్కున చేతులు దించేశాడు.